లైసెన్సు వెనక్కిచ్చిన మనిషి

బెళుగుప్ప క్రాసులో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి చూస్తే ఆయన ఫ్లెక్సీలో ఉన్నాడు. కోటు వేసుకుని ఉన్నాడు. నాకు తెలిసి ఆయన ఒంటి మీదికి ఖాకీ చొక్కా తప్ప ఇంకోటి ఎక్కలేదు. పెళ్లిళ్లకైతే ఉతికిన ఖాకీ చొక్కా. ఫ్లెక్సీ చేసినవాడు తల మటుకు తీసుకుని కింద ఎవరిదో కోటు అతికించాడు. ఆ తల మా షాపులో నీలం గుడ్డ ముందు కూర్చోబెట్టి నేను తీసిన ఫోటోలోది. కొంచెం నవ్వు మామా అంటే, "లైసెన్సుకు నవ్వేదేముండాది పాపా" అన్నప్పటి ముఖం. చుట్టూ ఊరి నాయకుల ఫోటోలు, ఆయన కన్నా పెద్దవి. నాకు ఎవరూ చెప్పలేదు. మనిషి పోయిన సంగతి ఫ్లెక్సీ చూసి తెలుసుకోవాల్సి వచ్చిందే అని ముందు కోపం వచ్చింది, ఆ తర్వాత ఏడుపు వచ్చింది. పక్క సీటు ఆమె నా కంట్లో దుమ్ము పడిందనుకుని కిటికీ మూసేసింది. సాయంత్రం ఊరికి ఫోన్ చేస్తే నిద్రలోనే పోయాడన్నారు.

ఆయన పేరు ఇక్కడ రాయను. పేరు బయటికి పోతే ఎవరో ఒకరు బండి తోలడానికి పిలుస్తారని ఆయనకు భయం. ఇప్పుడు పిలవలేరనుకోండి, అయినా మా మండలంవాళ్ళను నమ్మడానికి లేదు. మా అమ్మ పుట్టిన ఊరివాడు, ఆ వరసన నాకు మామ. నేను అనంతపురంలో ఆర్టీఓ ఆఫీసు దగ్గర నెట్ సెంటర్ నడుపుతాను. లైసెన్సు అప్లికేషన్లు కొట్టడం నా పని. పొద్దున్నుంచి "మేడమ్, హెవీ కొట్టండి" అని వచ్చేవాళ్ళే. హెవీ ఏమన్నా ఇడ్లీనా, అడిగితే ప్లేటులో పెట్టడానికి? ముందు చిన్న బండి లైసెన్సు చేతికొచ్చి ఏడాది నిండాలి. ఇరవై ఏళ్ళు నిండాలి. డ్రైవింగ్ స్కూలు సర్టిఫికెట్టు కావాలి, డాక్టరు సంతకం కావాలి. అది వచ్చాక కూడా ఐదేళ్ళకొకసారి మళ్ళీ డాక్టరు, మళ్ళీ సంతకం, మళ్ళీ రెన్యువల్. గడువు దాటి ఏడాది పైన అయిందా, మళ్ళీ టెస్టుకు నిలబడాల్సిందే. ఈ చివరి మాట చెప్తే ఎంత మొరటు డ్రైవరైనా కాస్త మెత్తబడి "చూడు మేడమ్" అంటాడు. నేనేం చూసేది? రూలు రాసింది నేను కాదు.

మామ మొదటిసారి రెన్యువల్‌కే వచ్చాడు. కుర్చీ చూపించాను. కూర్చోలేదు. కుర్చీ చుట్టూ తిరిగి నాలుగు కాళ్ళనూ చెప్పుతో ఒక్కొక్కటిగా తన్ని చూసి, అప్పుడు కూర్చున్నాడు. లారీ ఎక్కే ముందు టైర్లు తన్ని చూసే అలవాటు అది. మంచం ఎక్కే ముందు కూడా తన్నేవాడట. పెళ్ళయిన కొత్తలో భయపడి చచ్చినానని అత్త నాతో చెప్పింది. ఆ తర్వాత ఆయన ఏదైనా లోడుకు పోయి రెండు రోజులు రాకపోతే, ఆ చప్పుడు లేక నిద్ర పట్టేది కాదని కూడా ఆమే చెప్పింది.

కుడి, ఎడమ అనే మాటలు ఆయన దగ్గర లేవు. డ్రైవరు పక్క, క్లీనరు పక్క, అంతే. అన్నం డ్రైవరు పక్క చేత్తో తింటాడు. గుండెనొప్పి వస్తే క్లీనరు పక్క వస్తుంది. గుడి చుట్టూ తిరిగేటప్పుడు దేవుడు డ్రైవరు పక్కనే ఉండాలి, క్లీనరు పక్కకు వచ్చినాడంటే మనం వన్‌వేలో ఎదురు పోతాండామని అర్థం. దూరాలను టీలతో కొలిచేవాడు. బళ్ళారి ఒక టీ. బెంగళూరు మూడు టీలు, ఒక భోజనం. పుట్టపర్తి ఎంత దూరం మామా అని నేనొకసారి అడిగితే, "ఆడ టీ బాగుంటాది, అందుకని మధ్యలో తాగేది లేదు" అన్నాడు. గాలిమరల రెక్కలు మోసుకుని ఆ పొడుగాటి బండ్లు మా కొండల మీదికి ఎక్కుతుంటే మాత్రం పని ఆపి నిలబడి చూసేవాడు.

ఆయనకు రానిది ఒకటే, లేదనడం. మా దిక్కు డ్రైవింగ్ వచ్చిన మగపిల్లలంతా బెంగళూరులో క్యాబులు తోలుకుంటున్నారు. వాన పడకపోతే బెంగళూరు అనేవాళ్ళు ఒకప్పుడు. ఇప్పుడు పడినా బెంగళూరే. దాంతో ఊళ్ళో పెద్ద బండికి మిగిలింది ఈయనొక్కడు. చీనీకాయల లోడు, నీళ్ళ ట్యాంకరు, పెళ్ళి లారీ, మీటింగు లారీ, ఏదైనా సరే, ఎవరొచ్చి వాకిట్లో నిలబడినా ఆయన చేసేది చొక్కా తగిలించుకోవడం. అన్నం ముందు కూర్చున్నా లేచేవాడు. "రేపొస్తాలేప్పా" అనడం కూడా చేతకాదు. బతికున్నన్నాళ్ళూ అత్త తిట్టేది, "ఊరికంతా నువ్వొక్కనివే పుట్టినావా?" అని. అప్పటికే బండి స్టార్టు చేసిన చప్పుడు వినపడేది.

రెండేళ్ళ కిందట ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం షాపుకు వచ్చాడు. కుర్చీ కాళ్ళు తన్నాడు, కూర్చున్నాడు, నీళ్ళు తాగాడు.

"పాపా, లైసెన్సు ఎనక్కిచ్చేయాల. యాడియ్యాల?"

"పోగొట్టుకున్నావా?"

"జోబీలో ఉండాది."

"మరి?"

"పెద్ద బండిది ఎనక్కిచ్చేయాల. సర్కారోళ్ళది గదా, సర్కారోళ్ళకే."

ఇన్నేళ్ళలో లైసెన్సు ఇప్పించమని వచ్చినవాళ్ళను చూశాను, సస్పెండైనది విడిపించమని ఏడ్చినవాళ్ళను చూశాను. వెనక్కిస్తానని వచ్చినవాణ్ణి చూడలేదు. "వద్దనుకుంటే తోలవద్దు మామా. రెన్యువల్ చేయకుండా వదిలేస్తే అదే పోతుంది" అన్నాను.

"ఇంకా మూడేండ్లు ఉండాది పాపా. అంతలోపల ఎవురినో ఒకరిని సంపుతా."

ఇది కూడా టీ దూరం చెప్పినట్టే చెప్పాడు. తర్వాత జరిగింది చెప్పాడు. క్లీనరు పక్క కన్ను ఏడాదిగా మసకబారుతూ వచ్చి ఇప్పుడు పూర్తిగా పోయింది. కంటి ఆసుపత్రిలో చూపించుకున్నాడు, నరం ఎండిపోయింది, ఇక రాదన్నారు. వారం కిందట చీనీకాయల లోడుతో వస్తుంటే రోడ్డు పక్కన ఒక ఆడమనిషి గడ్డిమోపు ఎత్తుకుని నడుస్తోంది. ఆయనకు మనిషీ కనపడలేదు, మోపూ కనపడలేదు. లారీ అద్దానికి ఏదో తగిలిన శబ్దమైతే ఆపాడు. దిగి చూస్తే ఆమె నెత్తి మీద చేతులు అట్లాగే పెట్టుకుని నిలబడి ఉంది. మోపు లేదు. "కండ్లు దొబ్బినాయా నీకు?" అని తిట్టింది. "అవునమ్మా" అన్నాడు. ఆయన గడ్డి ఏరి, మోపు కట్టి, ఆమె నెత్తికెత్తి, ఆమె పోయాక ఆ రోడ్డు పక్కనే కూలబడ్డాడు.

"జానెడు ఇవతలికి వచ్చింటే మోపు గాదు పాపా, తలకాయ" అన్నాడు. నీళ్ళ గ్లాసు జానెడు పక్కకు జరిపి చూపించాడు. నాకు భయమేసింది.

"ఊళ్ళో చెప్పు మామా, కన్ను కనపడదని."

"చెప్పినా."

"ఏమన్నారు?"

"క్లీనరు పక్క కనపడకపోతే క్లీనర్ని పెడతాంలే అన్నారు."

నేను ఆయన గ్లాసులో మళ్ళీ నీళ్ళు పోశాను.

"జబ్బంటే మందు చెప్తారు పాపా. భయమంటే తాయెత్తు కడతారు. సర్కారోళ్ళు తీసుకున్నారంటే గమ్మునైపోతారు. దానికి మందు లేదు గదా."

తొందర ఎందుకంటే, వచ్చే ఆదివారం ఆయన అక్క మనవరాలి పెళ్ళి. తల్లి చిన్నప్పుడే పోతే చంకనేసుకుని పెంచిన అక్క ఆమె. పెళ్ళికొడుకుది పుట్టపర్తి దిక్కు. చీనీతోట ఆసామి ఒకాయన, రాజకీయాల్లో తిరిగేవాడు, లారీ ఊరికే ఇస్తానన్నాడట, డ్రైవర్ని మాత్రం మీరే చూసుకోండి అని. అక్క తమ్ముణ్ణి చూసుకుంది. పిల్లా జెల్లా అందరూ ఆ లారీలో ఎక్కుతారు, ఆయన ఒక కంటితో తోలాలి. సరుకులు మోసే బండిలో మనుషులను ఎక్కించకూడదని ఇంకో రూలు ఉంది. దాన్ని నేను ఎత్తలేదు. ఒక రోజుకు ఒక రూలు చాలు.

కంప్యూటర్లో వెతికితే నిజంగానే ఉంది. ఫలానా రకం బండి తోలే అనుమతిని వదులుకుంటున్నాను అని, సేవలన్నిటికీ అడుగున. ఇన్నేళ్ళూ నేను ఎప్పుడూ నొక్కని చోట. నొక్కాను. అయితే ఆఫీసులో గుమాస్తాకు దాన్ని ఏం చేయాలో తెలియక మమ్మల్ని బ్రేక్ ఇన్‌స్పెక్టరు దగ్గరికి పంపాడు. ఆయన చిన్న వయసువాడు. అనుమానంగా చూశాడు.

"ఎవర్నైనా గుద్ది వచ్చినావా?"

"లేదు సార్. గుద్దకముందే వచ్చినా."

"కేసుందా? పోలీసులు వెతుకుతాండారా?"

"నాకోసం మా ఊరోళ్ళే వెతుకుతాంటారు సార్."

"మరెందుకయ్యా ఇచ్చేది?"

"కన్ను పోయింది సార్."

"ఏ కన్ను?"

"క్లీనరు పక్కది."

ఇన్‌స్పెక్టరు నా వైపు చూశాడు. ఎడమ కన్ను సార్ అని నేను చెప్పాల్సి వచ్చింది. డాక్టరు దగ్గర రాయించుకుని రమ్మన్నాడు.

డ్రైవర్లందరికీ సంతకం పెట్టే డాక్టరు ఒకాయన ఉన్నాడు. మంచివాడు, అదే వచ్చిన చిక్కు. వేళ్ళు చూపించి ఎన్ని అన్నాడు. మామ రెండు అన్నాడు. కనపడుతోంది కదా అన్నాడు డాక్టరు. ఇది డ్రైవరు పక్క సార్ అని ఆ కన్ను మూసుకుని, ఇప్పుడేమీ కనపడదు అన్నాడు మామ. డాక్టరు కలం కింద పెట్టాడు. "పెద్దాయనా, పనికిరాడని రాస్తే నీ పొట్ట కొట్టినట్టు. నా చేత్తో నేను ఎవరి పొట్టా కొట్టలేదు" అని, ఫిట్ అని రాసి, ముద్ర కొట్టి, భుజం తట్టి పంపించాడు. ఆ ముద్ర కోసం కాళ్ళా వేళ్ళా పడేవాళ్ళను రోజూ చూస్తాను. అది దొరికినందుకు చావు కబురు విన్నట్టు ముఖం పెట్టినవాడు ఈయనొక్కడే.

ఆ రోజు ఇంటికి పోయి శుక్రవారం పొద్దున మళ్ళీ వచ్చాడు. ఇన్‌స్పెక్టరు సర్టిఫికెట్టు చూసి నవ్వాడు. "ఫిట్ అని ఉందే? సరే, ఆ బండెక్కు. ట్రాకు మీద తోలి చూపించు. తప్పు తోలినావంటే పనికిరావని నేనే రాసుకుంటా."

టెస్టుకు పెట్టిన డ్రైవింగ్ స్కూలు లారీ ఒకటి అక్కడే ఉంది. కడ్డీలు పాతిన సందులో వెనక్కి తోలి, మలుపు తిప్పి, పెట్టాలి. నేను మామను పక్కకు పిలిచి, "ఒక్క కడ్డీ తగిలించు మామా, చాలు" అన్నాను. తల ఊపాడు. టైర్లు తన్నాడు, ఎక్కాడు. ఎక్కిన తర్వాత ఆ లారీ గుడ్డతో తుడిచినట్టు వెనక్కి పోయింది. టెస్టుకు వచ్చినవాళ్ళంతా ఫోన్లు జేబులో పెట్టి చూశారు. నేను దూరం నుంచి కడ్డీ వైపు చెయ్యి చూపిస్తూనే ఉన్నాను. ఒక్క కడ్డీ కూడా కదలలేదు. ఎవరో చప్పట్లు కొట్టారు. మామ దిగి తల దించుకుని వచ్చాడు.

"నా చేతగాలే పాపా."

"అంత చెప్పినా కదా మామా!" నాకు ఒళ్ళు మండింది.

"కడ్డీ ఉండాదని తెలుస్తాంది గదా. తెలిసి తెలిసి ఎట్లా గుద్దేది?"

ఇన్‌స్పెక్టరు సంతోషపడిపోయాడు. "నీలాంటివాళ్ళు కావాలయ్యా మాకు. పో, ఇంకో పదేళ్ళు తోలు" అన్నాడు. డాక్టరు మంచివాడు, ఇన్‌స్పెక్టరు మంచివాడు, ఊళ్ళోవాళ్ళు అందరి కన్నా మంచివాళ్ళు. ఇంతమంది మంచివాళ్ళ మధ్య మనిషి ఎట్లా బయటపడేది?

మామ కదలలేదు. "సార్, కడ్డీలు నిలబడుకోని ఉంటాయి సార్. పాతినచోట ఉంటాయి. రోడ్డు మీద మనుషులు నడుస్తాంటారు. గడ్డి ఎత్తుకోని ఆడోళ్ళు పోతాంటారు. వాళ్ళు నాకు కనపడరు సార్. నేను మంచిగా తోలతాండాననే అనుకుంటాంటా."

ఇన్‌స్పెక్టరు లోపలికి పోయి చాలాసేపు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. బయటికి వచ్చి, స్కూటరుది ఉంచమంటావా అన్నాడు.

"ఉండనీ సార్. అది ఊళ్ళోనే, మెల్లగా పోతా" అన్నాడు మామ. దాని గురించీ ఇన్‌స్పెక్టరు కాస్త ఆలోచించి, ఆ కంటికి అదీ వద్దులే అన్నాడు. మామ సరే సార్ అన్నాడు.

ఆ సాయంత్రం ఊరి నుంచి ఫోన్ చేశాడు. సర్కారోళ్ళు లైసెన్సు తీసుకున్నారని చెప్పాడట. అందరూ నమ్మారట. సాపలు పరిచి, చావింటికి వచ్చినట్టు వచ్చి కూర్చుని సర్కారును తిట్టారట. "బాగుండాది పాపా. అందరికీ టీలు పెట్టిచ్చినా" అన్నాడు. అంత తేలిగ్గా ఆయన మాట్లాడటం నేను వినలేదు. నాకూ గర్వంగానే అనిపించింది.

ఊరివాళ్ళ ప్రేమ ఎంత దూరం పోతుందో మేమిద్దరం లెక్క వేసుకోలేదు. వాళ్ళు తోట ఆసామి దగ్గరికి పోయారు. ఆయన తనకు తెలిసినవాళ్ళకు ఫోన్ కొట్టి, "మా మనిషి లైసెన్సు పీకింది ఎవుడు?" అని అరిచాడు. అవతలివాళ్ళు విచారించి చెప్పారు. ఎవరూ పీకలేదు, ఆయనే బతిమాలి ఇచ్చిపోయినాడు అని.

శనివారం పొద్దున మామ అక్క నాకు ఫోన్ చేసింది. నేను ఆమెను పెద్దమ్మ అంటాను. "బయల్దేరి రా" అని పెట్టేసింది. పోయేసరికి తన ఇంటి అరుగు మీద మామ కూర్చుని ఉన్నాడు, ఎదురుగా సాప మీద పెద్దమ్మ. వాకిట్లో పెళ్ళివాళ్ళు నిలబడి ఉన్నారు.

"నువ్వే గదమ్మే కంప్యూటర్లో కొట్టింది. నువ్వే తీసెయ్" అంది పెద్దమ్మ.

"తీసేసేదుండదు పెద్దమ్మా. మళ్ళీ కావాలంటే మళ్ళీ టెస్టు, డాక్టరు..." అని మొదలుపెట్టాను. ఆమె వినలేదు. తమ్ముడి వైపు తిరిగింది.

"రేయ్. వాళ్ళు తీసుకున్నారా, నువ్వు ఇచ్చినావా?"

మామ నా వైపు చూశాడు. నేను అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో ఆయనే అన్నాడు.

"నేనే ఇచ్చినా అక్కా."

"యాంటికి? కన్నన్నావు, పక్కన మనిషిని పెడతామన్నాం. ఇంకేం కావాల నీకు?"

మామ అరుగు అంచును గోటితో గీకాడు.

"ఆ బండ్లో పెండ్లికూతురు ఎక్కుతాది. నేను ఎక్కుతా. నన్ను సంపుతావని భయమా?"

"ఆఁ" అన్నాడు.

మామ తల ఎత్తలేదు. "నేను తోలనక్కా" అన్నాడు. ఇంకోసారి అన్నాడు, గొంతు సరిచేసుకుని. "తోలను."

పెద్దమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. అరుగు చుట్టూ తిరిగి ఆయనకు క్లీనరు పక్కకు పోయి నిలబడింది. చెయ్యి ఎత్తి ఆయన చెంప దగ్గరిదాకా తెచ్చింది, కొట్టబోయినట్టు. ఆయన ఎదురుగా ఖాళీ సాప వైపు చూస్తూనే ఉన్నాడు. రెప్ప కూడా వేయలేదు. ఆమె చెయ్యి అట్లాగే కొంచెంసేపు ఉంది. తర్వాత దాన్ని ఆయన భుజం మీద వేసింది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

పక్కనే కూర్చుంది. పెళ్ళివాళ్ళలో ఒకరిని పిలిచి, పోయి బస్సు మాట్లాడుకోని రాపోండి అంది. పైట చెంగుతో ముఖం తుడుచుకుంది.

"తోలనని చెప్పేదానికి అనంతపురం దాకా పోయినావా?"

"పోయినా అక్కా" అన్నాడు మామ. "బస్సులో, నిలబడుకోని."